రాయ్ ఆర్బిసన్ ‘యూ గాట్ ఇట్’ హిట్టయింది పాట వల్లా, ఆయన పోవడం వల్లా?

రాత్రి_రేడియో
ఒక వాట్సాప్ గ్రూపులో అమెరికన్ రాక్ గాయకుడు రాయ్ ఆర్బిసన్ పాడిన ‘యూ గాట్ ఇట్’ లింకు పెడితే ముగ్గురు వరసగా “పాపం, చావు దగ్గరపడిందని తెలిసే పాడాడు” అని కన్నీళ్ళ బొమ్మలు పెట్టారు. ఇంకొకాయన వచ్చి “బతికుంటే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు, జాలితో కొన్న పాట” అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. రెండు మాటలూ నాకు మింగుడు పడలేదు.

అమెరికాలో 1964లో ‘ఓ, ప్రెట్టీ వుమన్’ నంబర్ వన్ అయింది. ఆ తర్వాత ఆర్బిసన్ పాట అక్కడ టాప్ టెన్ మొహం చూసింది మళ్ళీ 1989లోనే, ‘యూ గాట్ ఇట్’తో. సింగిల్ జనవరిలో వచ్చింది. ఆయన అంతకుముందు డిసెంబర్ 6నే పోయారు, 52 ఏళ్ళకి. అంత పెద్ద కమ్‌బ్యాక్ హిట్ చూసుకోవడానికి మనిషే లేడు. ఇది పాట గొప్పతనమా, టైమింగా? పాత రాక్ వినేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా, చెప్పండి.

ఊరికే_వచ్చా
ప్రెట్టీ వుమన్ అంటే షారుఖ్ ఖాన్ పాట కాదా?

చిక్కడపల్లి_చిన్నోడు
అది దీని మీద కట్టిందే తమ్ముడూ. 2003లో హక్కులు తీసుకుని మరీ చేశారు. అసలు పాట మీ నాన్న నిక్కర్లేసుకునే నాటిది.

ఊరికే_వచ్చా
మా నాన్న 72లో పుట్టాడు అన్నా.

చిక్కడపల్లి_చిన్నోడు
మరీ మంచిది. నిక్కరు కూడా లేనప్పటిది.

వినైల్_పిచ్చి
నా ఓటు టైమింగుకే. ఎవరికి కోపమొచ్చినా సరే. ‘యూ గాట్ ఇట్’ బాగుంటుంది, కాదనను. కానీ ఆర్బిసన్ అంటే ఇది కాదు. 1960-64 మధ్య మాన్యుమెంట్ లేబుల్‌లో చేసిన పాటలు వినండి. ‘రన్నింగ్ స్కేర్డ్’లో పల్లవే ఉండదు. బొలేరో తాళం మీద చిన్నగా మొదలై, మెట్టు మెట్టుగా ఎక్కి, చివర ఒకే ఒక్క పై స్వరం దగ్గర ఆగిపోతుంది. ‘ఇన్ డ్రీమ్స్’లో ఒక భాగం అయ్యాక మళ్ళీ వెనక్కి రాదు, ప్రతి భాగానికీ కొత్త ట్యూను. అలాంటి పాటలు కట్టిన మనిషితో 1988లో చక్కగా వెర్స్, కోరస్ (అదే చరణం, పల్లవి), మళ్ళీ వెర్స్, కోరస్ చేయించారు. ప్రొడ్యూసర్ జెఫ్ లిన్ చేయి పడిందంటే అంతే. అదే దట్టమైన అకూస్టిక్ గిటార్లు, అదే పొడి డ్రమ్ము దెబ్బ. బీటిల్స్ జార్జ్ హ్యారిసన్ అయినా, టామ్ పెటీ అయినా, ఆర్బిసన్ అయినా అందరూ ఒకే మిక్సీలో తిరిగి బయటికొచ్చినట్టుంటుంది.

స్ట్రాట్_సుధీర్
వినైల్ గారు జెఫ్ లిన్ పేరెత్తితే చాలు బ్లడ్ ప్రెషర్ మాత్ర వేసుకోవాల్సిందే. మొన్న లిన్ బ్యాండ్ ఈఎల్‌ఓ త్రెడ్‌లోనూ ఇదే గొడవ.

వినైల్_పిచ్చి
అక్కడా నేను చెప్పిందే కరెక్టు.

సుమన_కె
రాత్రి_రేడియో గారు చెప్పిన మొదటి మాట, అదే “తెలిసే పాడాడు” అన్నది, తారీఖులు చూస్తేనే నిలబడదు. పాట రాసింది 1987 చివర, క్రిస్మస్ రోజుల్లో. ఆర్బిసన్, లిన్, పెటీ ముగ్గురూ కలిసి. రికార్డింగ్ 1988 ఏప్రిల్‌కల్లా అయిపోయింది, పెటీ బ్యాండ్ గిటారిస్టు మైక్ క్యాంప్‌బెల్ ఇంటి గ్యారేజీలో. ఆయన పోయింది డిసెంబర్‌లో. మధ్యలో ఎనిమిది నెలలు పాట డబ్బాలో ఉంది, అంతే.

ఆ ఏడాది ఆయన జాతకం ఎంత బాగుందో కూడా చూడండి. 1987లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్, చేర్చింది బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్. అదే ఏడాది సెప్టెంబర్ 30న లాస్ ఏంజెలెస్‌లో బ్లాక్ అండ్ వైట్ నైట్ కచేరీ. 1988లో హ్యారిసన్, లిన్, పెటీ వాళ్ళతో కలిసి ట్రావెలింగ్ విల్బరీస్ బ్యాండ్. చావు గురించి పాడే మూడ్ ఎక్కడుంది ఆయనకి? గాయకుడు డేవిడ్ బౌవీతో కలిపేసుకుంటున్నారు జనం. బౌవీ జబ్బు తెలిసి చేశాడు ‘బ్లాక్‌స్టార్’. 2016 జనవరి 8న ఆల్బమ్, 10న మనిషి లేడు. ఆ కథని తీసుకొచ్చి ఇక్కడ అంటిస్తున్నారు.

గోదారి_గట్టు
సుమన గారితో ఏకీభవిస్తున్నా. నేనైతే చాలాకాలం ఆయనకి కళ్ళు కనిపించవనుకునేవాణ్ణి, ఆ నల్లద్దాల వల్ల.

స్ట్రాట్_సుధీర్
సగం ప్రపంచం అలాగే అనుకుంది. అసలు సంగతి మామూలు కళ్ళద్దాలు విమానంలో మర్చిపోవడం. పవరున్న చలవద్దాలు మాత్రమే చేతిలో ఉంటే వాటితోనే స్టేజీ ఎక్కాడు. 1963లో బీటిల్స్‌తో బ్రిటన్ టూర్ రోజులు. ఫొటోలు ఊరంతా పాకాయి, ఇక తీయలేదు.

డల్లాస్_బాబాయ్
వెర్నన్ మీదుగా చాలాసార్లు వెళ్ళాం, అమరిల్లో వెళ్ళే దారిలో వస్తుంది. ఆయన పుట్టింది అక్కడే, 1936లో. పెరిగింది మాత్రం వింక్ అనే ఊళ్ళో, ఇంకా పడమరగా, చమురు బావుల మధ్య. అక్కడి పెర్మియన్ బేసిన్ చమురు క్షేత్రాల్లో పనిచేసే మన పిల్లలు మిడ్‌లాండ్, ఒడెస్సాల్లో చాలామంది ఉన్నారు. వాళ్ళని అడగండి ఆ ఎడారి ఎలా ఉంటుందో. చెట్టుండదు, పుట్టుండదు. దుమ్ము, చమురు తోడే పంపుజాక్‌లు, ఆకాశం. కాలేజీలో ఆయన మొదట చదవబోయింది జియాలజీ. అలాంటి ఊరివాడికి ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని మా ఆవిడ ఇప్పటికీ ఆశ్చర్యపోతుంది.

వింక్‌లో ఆయన పేరున చిన్న మ్యూజియం ఉంది. వెళ్ళేవాళ్ళు తెరిచి ఉంటుందో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. పెట్రోలు బంకులు కూడా దూరం దూరంగా ఉంటాయి, నిండుగా కొట్టించుకుని వెళ్ళండి.

రాత్రి_రేడియో
బాబాయ్ గారూ, ట్రిప్పుల త్రెడ్ వేరే ఉంది. హహ.

బేస్_భాస్కర్
హైదరాబాద్‌లో పబ్బుల్లో రెట్రో నైట్‌లు వాయిస్తాం. అనుభవం మీద చెబుతున్నా, ‘యూ గాట్ ఇట్’ మొదలుపెడితే తెలియనివాళ్ళు కూడా రెండో కోరస్‌కల్లా పాడేస్తారు. జాలి పాటకి జనం అలా గ్లాసులెత్తరు. వినైల్ గారు తేలిగ్గా తీసేస్తున్నారు గానీ, ఒకసారి వాయించి చూడండి. పాట ఏ మేజర్‌లో ఉంటుంది. వెర్స్ రెండో కార్డే జి. ఏ మేజర్ స్కేల్‌లో జి న్యాచురల్ లేదు కదా, అది బయటి నుంచి వచ్చిన చుట్టం. ఆ ఒక్క కార్డు వల్ల మాటలు ఎంత తీపిగా ఉన్నా కింద ఏదో చిన్న బెంగ లాగుతుంది. తర్వాత లైన్లలో ఎఫ్ షార్ప్ మైనర్, సి షార్ప్ మైనర్ వస్తాయి. కోరస్‌లో ఆ పెద్ద డ్రమ్ము దెబ్బలు పడేటప్పటికి ఊపిరి పీల్చుకున్నట్టవుతుంది. ఇదంతా ఆయన పోకముందే పాటలో ఉంది. మన దుఃఖం మనం తర్వాత కలుపుకున్నాం.

మృదంగం_మూర్తి
కాకలి నిషాదం ఉండాల్సిన చోట కైశికి నిషాదం వచ్చింది, అంటే శంకరాభరణంలోకి హరికాంభోజి తొంగిచూసింది. మావాళ్ళు దీన్ని మూడు వందల ఏళ్ళ కిందటే...

మోడరేటర్
మూర్తి గారూ, దయచేసి. “మావాళ్ళు ముందే” అనే చర్చకి ప్రత్యేకంగా త్రెడ్ పెట్టింది మీ కోసమే. అందరికీ ఇంకో మాట, పాట సాహిత్యం ఇక్కడ అతికించొద్దు.

వినైల్_పిచ్చి
భాస్కర్, కార్డుల సంగతి ఒప్పుకుంటా. కానీ చార్టు సంగతి చెప్పు. ఆయన బతికుండగా వచ్చిన విల్బరీస్ సింగిల్ ‘హ్యాండిల్ విత్ కేర్’ని తీసుకో. హ్యారిసన్, డిలన్, పెటీ, లిన్, ఆర్బిసన్, ఐదుగురు హేమాహేమీలు. అమెరికాలో అది ఎంత వరకు వెళ్ళింది? 45. ఆయన పోయాక వచ్చిన సోలో పాట 9. ఇంగ్లండ్‌లో 3. తేడా పాటలో ఉందంటావా?

సుమన_కె
సింగిల్ సంగతి వదిలేసి ఆల్బమ్ చూడండి. విల్బరీస్ ఆల్బమ్ అక్టోబర్‌లో వచ్చింది, ఆయన బతికుండగానే జోరుగా అమ్ముడుపోతోంది. జనం వినడం మొదలుపెట్టాకే ఆయన పోయారు. మధ్యలో ఆగిపోయిన ఊపు కాదది, అప్పుడే అందుకుంటున్న ఊపు. 1989 మొదట్లో ఆ ఆల్బమూ, ‘యూ గాట్ ఇట్’ ఉన్న ‘మిస్టరీ గర్ల్’ ఆల్బమూ రెండూ ఒకేసారి అమెరికా టాప్ 5లో ఉన్నాయి. పోయాక అలా జరిగింది ఎల్విస్ ప్రెస్లీ తర్వాత ఈయనకే. ఇందులో జాలి పాలు లేదని అనను. పాట అంటూ లేకపోతే జాలి ఎన్ని వారాలు నడుస్తుంది?

పాత_కాసెట్
ఈ చర్చలో బీటిల్స్ జాన్ లెనన్ పేరు రాకపోవడమేమిటి? “జాలితో కొన్న పాట” అనే మాట న్యాయంగా పడాల్సింది ‘స్టార్టింగ్ ఓవర్’ మీద. ఐదేళ్ళు ఇంట్లో కొడుకుని చూసుకుంటూ కూర్చుని, 1980 అక్టోబర్‌లో లెనన్ మళ్ళీ వచ్చాడు. ఇంగ్లండ్‌లో పాట 8 దాకా వెళ్ళి, కిందకి జారి 21కి దిగింది. డిసెంబర్ 8న కాల్చేశారు. వెంటనే నంబర్ వన్. అమెరికాలో అప్పటికే పైకి వెళుతోంది, అది వేరు. కానీ ఇంగ్లండ్ లెక్క మాత్రం నిలువుటద్దం, ఎవరైనా చూసుకోవచ్చు.

తమాషా ఏమిటంటే ఆ పాటని లెనన్ కావాలనే పాతకాలపు బాణీలో పాడాడు. దాన్ని తను “ఎల్విస్ ఆర్బిసన్” అని పిలుచుకునేవాడు. అసలు బీటిల్స్ ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ కూడా మొదట ఆర్బిసన్ పద్ధతిలో నెమ్మదిగా కట్టిందే, ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్ స్పీడు పెంచమన్నాడు. అంటే ఒక కమ్‌బ్యాక్ పాటకి గురువైనవాడే ఎనిమిదేళ్ళ తర్వాత అదే మాదిరి దారిలో పోయాడు.

గోదారి_గట్టు
ఈ ముక్క నాకు తెలియదు. ఆర్బిసన్‌ని అనుకరిస్తూ లెనన్ కమ్‌బ్యాక్, ఆ తర్వాత ఆర్బిసన్‌దీ అదే గతి. సినిమాలో పెడితే అతి అంటారు.

డ్యూటీ_డాక్టర్
సంగీతం నాకు అంతగా తెలియదు, పాటలు వింటా అంతే. కానీ “టైమింగ్”, “గతి” అంటుంటే ఒక మాట చెప్పాలనిపించింది. ఆయనకి 1978లోనే, 41 ఏళ్ళకి, మూడు నాళాలకి బైపాస్ అయింది. చివరి రోజుల్లో ఛాతీలో నొప్పి వస్తోందని జానీ క్యాష్‌కి చెప్పుకున్నాడు, ఏదో ఒకటి చేయించుకుంటానని కూడా అన్నాడట. టూర్లు, షూటింగులు, వాయిదా. మా ఓపీకి వచ్చే ప్రతి పదిమందిలో సగంమంది చెప్పే కథే. కూతురి పెళ్ళి అయ్యాక చూపించుకుందామనుకున్నాం డాక్టర్ గారూ, క్వార్టర్ ఎండ్ అయ్యాక వద్దామనుకున్నాం సార్. ఛాతీ నొప్పికి మన క్యాలెండర్ తెలియదు. ఈ త్రెడ్ చదివేవాళ్ళలో ఎవరికైనా బైపాసో స్టెంటో అయి ఉండి మళ్ళీ నొప్పి వస్తుంటే ఫోరం మూసేసి ఆసుపత్రికి వెళ్ళండి.

స్ట్రాట్_సుధీర్
డాక్టర్ గారి పోస్టు పైన పిన్ చేయండి మోడరేటర్ గారూ.

నాష్‌విల్ల్_నాగలక్ష్మి
మేముండేది హెండర్సన్‌విల్ పక్కనే. అంటే నాష్‌విల్‌కి ఉత్తరాన సరస్సు పక్కన ఊరు. ఆర్బిసన్ జీవితంలో ఘోరమంతా ఈ చుట్టుపక్కలే జరిగింది. 1966లో భార్య క్లాడెట్ మోటార్ సైకిల్ ప్రమాదంలో పోయింది. 1968లో ఆయన బ్రిటన్‌లో టూర్‌లో ఉండగా హెండర్సన్‌విల్ ఇల్లు తగలబడి ఇద్దరు పెద్ద కొడుకులు పోయారు. పొరుగింటి జానీ క్యాష్ ఆ స్థలం కొని, అక్కడ ఇల్లు కట్టకుండా పళ్ళ తోట వేయించాడు.

అందుకే ఈ పాట వింటే నాకు “విషాదం” అనిపించదు. అన్ని చూసిన మనిషి, యాభై దాటాక, ఏం కావాలన్నా ఇస్తానని ఒకరితో అంత నిబ్బరంగా పాడటం. ఆఖరి రోజు కూడా ఏం చేశాడో తెలుసా? తన బస్ డ్రైవర్ స్నేహితుడితో కలిసి బొమ్మ విమానాలు ఎగరేశాడు. అది ఆయనకి పిచ్చి. వాళ్ళింట్లోనే భోంచేశాడు. ఆ రాత్రి తల్లిగారింట్లో గుండెపోటు.

ఊరికే_వచ్చా
షారుఖ్ జోకు వేసి వెళ్ళిపోదామనుకున్నా. ఇప్పుడు వెళ్ళబుద్ధి కావట్లేదు. ‘యూ గాట్ ఇట్’ వీడియో ఒకటి చూశా, కదలడేంటండీ ఆయన? గిటారు పట్టుకుని స్తంభంలా నిలబడ్డాడు.

పాత_కాసెట్
ఎప్పుడూ అంతే. ఎల్విస్ నడుము ఊపేవాడు, జెర్రీ లీ లూయిస్ పియానోని కాళ్ళతో తన్నేవాడు, ఈయన నిలబడి పాడేవాడు. నోరు కూడా పెద్దగా తెరవడు, శబ్దం ఎక్కణ్ణుంచి వస్తుందో అర్థం కాదు. నువ్వు చూసిన వీడియో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌ది, 1988 నవంబర్ 19. డైమండ్ అవార్డుల ఫంక్షన్. సరిగ్గా 17 రోజులకి ఆయన లేరు.

సుమన_కె
విల్బరీస్ ‘ఎండ్ ఆఫ్ ది లైన్’ వీడియో కూడా చూడు తమ్ముడూ. ఆయన పోయాక తీశారు. రైలు పెట్టెలో మిగతావాళ్ళంతా వాయిస్తుంటారు. ఆర్బిసన్ గొంతు వచ్చే చోట ఊగే కుర్చీలో ఆయన గిటారు, పక్కన ఫొటో. డూప్‌ని పెట్టలేదు, పాత క్లిప్పు అతికించలేదు.

బేస్_భాస్కర్
అక్కడ కెమెరా ఎక్కువసేపు ఆగదు కూడా. మళ్ళీ పెటీ దగ్గరికి వెళ్ళిపోతుంది. ఆ నిగ్రహం నాకు నచ్చుతుంది.

చిక్కడపల్లి_చిన్నోడు
దానికి పూర్తి రివర్స్ 2018లో జరిగిన హోలోగ్రామ్ టూర్. స్టేజీ మీద వెలుతురుతో చేసిన ఆర్బిసన్, కింద నిజం ఆర్కెస్ట్రా, జనం టికెట్లు కొన్నారు. నా మటుకు అది పిండ ప్రదానానికి టికెట్ పెట్టినట్టే.

గోదారి_గట్టు
మరీ అంతనకండి. ఆయన్ని ప్రత్యక్షంగా చూసే అదృష్టం లేని తరం ఉంది కదా. ఆ గొంతు అసలుదే, ఆర్కెస్ట్రా అసలుదే. ఇంట్లో డీవీడీ చూస్తే తప్పు లేదు, హాల్లో వెలుతురు చూస్తే తప్పా? పైగా కుటుంబమే ముందుండి చేయించింది.

చిక్కడపల్లి_చిన్నోడు
డీవీడీలో ఆయన ఆ రోజు నిజంగా నిలబడి పాడాడు. ఇందులో ఎవరో కూర్చుని “ఇప్పుడు తల ఇటు తిప్పు” అని తిప్పించారు. తేడా లేదంటావా? మన దగ్గరా వచ్చింది ఈ గొడవ. బాలు గారి గొంతుని ఏఐతో పుట్టించారని 2024లో వాళ్ళబ్బాయి చరణ్ గారు ఒక తెలుగు సినిమావాళ్ళకి లీగల్ నోటీసు పంపారు. అడగలేదన్నదే ఆయన బాధ. అదే నెలల్లో రెహమాన్ తమిళంలో పోయిన ఇద్దరు గాయకుల గొంతులు వాడాడు, కుటుంబాల్ని అడిగి, డబ్బిచ్చి. అడిగితే సరిపోతుందా అన్నది నాకింకా తేలలేదు.

గోదారి_గట్టు
కుటుంబం ఒప్పుకుంటే మధ్యలో మనకేంటి?

చిక్కడపల్లి_చిన్నోడు
వినేది మనం కదా అన్నా. డబ్బిచ్చేదీ మనమే.

పాత_కాసెట్
ఘంటసాల గారి భగవద్గీత కూడా ఆయన పోయాకే విడుదలైంది. అందుకే మనవాళ్ళు ఎవరైనా పోతే అదే పెట్టి, అది చావు పాట చేసిపెట్టారు. ఆయన పాడింది అందుకా? ఏ పల్లెకి వెళ్ళినా మైకులో అది మొదలైందంటే “ఎవరు పోయారు?” అని అడుగుతారు. అంత గొప్ప గానం పొద్దున్నే హాయిగా వినే వీల్లేకుండా అయిపోయింది. ‘యూ గాట్ ఇట్’కి ఆ గతి పట్టలేదు, అదృష్టం. అమెరికాలో దాన్ని పెళ్ళిళ్ళలో కూడా వేసుకుంటారు.

నాష్‌విల్ల్_నాగలక్ష్మి
నిజం. మా ఆఫీసులో ఒకమ్మాయి పెళ్ళిలో తండ్రీ కూతుళ్ళ డ్యాన్సుకి ఇదే పాట. అక్కడ ఎవరి మొహంలోనూ డిసెంబర్ 6 లేదు.

కాకినాడ_కాజా
నా సొంత సంగతి ఒకటి. మా నాన్న పద్యనాటకాలు ఆడేవారు. గొంతు పోయిందని ఊరివాళ్ళు అనడంతో చాలా ఏళ్ళు మానేశారు. చివర్లో మా తమ్ముడు బలవంతం చేసి, పక్క ఊళ్ళో హార్మోనియం ఆయన్ని పిలిపించి, పెరట్లో కూర్చోబెట్టి ఫోన్‌లో కొన్ని పద్యాలు రికార్డు చేశాడు. ఆ సంక్రాంతికి మళ్ళీ వేషం కడతానని మేకప్ సామాను కూడా తెప్పించుకున్నారు. కట్టకుండానే పోయారు. ఆ రికార్డింగ్ అమ్మ వినదు. తమ్ముడు రోజూ వింటాడు, బండి మీద వెళ్తూ కూడా. అందులో ఒక పద్యం మధ్యలో దగ్గొస్తే నాన్న “ఆగరా, ఇది తీసెయ్” అంటారు. తమ్ముడు తీయలేదు. ఇంట్లో మాకు పద్యం కంటే ఆ మాటే ఎక్కువ. బయటివాళ్ళకి వినిపిస్తే మాత్రం వాళ్ళు “రాగం బాగా తీశారే” అంటారు. దగ్గు వాళ్ళ చెవిన పడదు. ఆర్బిసన్ ఇంట్లోవాళ్ళకీ పబ్బులో జనానికీ ఒకే పాట రెండు రకాలుగా వినపడి ఉంటుంది.

డల్లాస్_బాబాయ్
కాజా, ఆ రికార్డింగ్ ఇంకో రెండు చోట్ల దాచమని చెప్పు తమ్ముడికి. ఫోన్లు పోతాయి.

కాకినాడ_కాజా
పెన్‌డ్రైవ్‌లో ఉంది బాబాయ్, మా చెల్లి దగ్గర కూడా.

వినైల్_పిచ్చి
కాజా పోస్టు చదివాక వాదించబుద్ధి కావట్లేదు గానీ, నా అసలు బాధ ఒకటి చెప్పి ఊరుకుంటా. జనం కొన్నందుకు కాదు నా ఏడుపు. ఈ ఒక్క హిట్టూ, 1990లో వచ్చిన ప్రెట్టీ వుమన్ సినిమా, రెండూ కలిసి ఆర్బిసన్‌ని రెండు పాటల మనిషిని చేశాయి. 1965లో ఎంజీఎం లేబుల్‌కి మారాక, పది లక్షల డాలర్ల కాంట్రాక్టు అని గొప్పగా చెప్పారు, ఏడాదికి ఇన్ని పాటలని పిండారు. అక్కణ్ణుంచి పతనం. 70ల్లో అమెరికాలో ఆయన్ని ఎవరూ అడగలేదు. పాటలు మాత్రం వేరేవాళ్ళ నోట బతికాయి. ‘బ్లూ బేయూ’ లిండా రాన్‌స్టాట్‌కి హిట్టు, ‘క్రయింగ్’ డాన్ మెక్లీన్‌కి హిట్టు, ‘ప్రెట్టీ వుమన్’ వాన్ హేలెన్‌కి హిట్టు. రాసి, పాడి, చూపించినవాడు చిన్న చిన్న హాళ్ళలో వాయించుకుంటున్నాడు. చేదు అంటే నాకు ఇది. 1988 డిసెంబర్ కాదు, అంతకుముందు ఇరవై ఏళ్ళు.

రాత్రి_రేడియో
ఇది మాత్రం నేను కూడా ఆలోచించలేదు. అందరం ఆయన చూడలేకపోయిన హిట్టు గురించే మాట్లాడుతున్నాం.

స్ట్రాట్_సుధీర్
వినైల్ గారూ, ఆ ఇరవై ఏళ్ళ నుంచి బయటికి లాగినవాళ్ళలో మీకు గిట్టని జెఫ్ లిన్ ఒకడు. హ్యారిసన్‌కి ఒక సింగిల్ వెనక వేయడానికి బి సైడ్ పాట కావాల్సి వచ్చింది. ఆ పూట లిన్, ఆర్బిసన్‌లతో భోజనం చేస్తున్నాడు. గిటారేమో పెటీ ఇంట్లో ఉండిపోయింది. స్టూడియో ఏమో డిలన్ గ్యారేజీ. అలా ఐదుగురూ ఒకచోట పడ్డారు. పక్కన పడి ఉన్న అట్టపెట్టె మీద రాసిన ‘హ్యాండిల్ విత్ కేర్’ అనే మాటే పాట పేరయింది. అప్పుడు ఆర్బిసన్‌ని అభిమానులుగా చుట్టూ కూర్చుని చూసింది వీళ్ళే. లిన్ శబ్దం మీకు నచ్చకపోవచ్చు. పిలిచినవాళ్ళలో ఆయన ఒకడు.

వినైల్_పిచ్చి
పిలిచినందుకు థాంక్స్. డ్రమ్ములకి మాత్రం కాదు.

సుమన_కె
హహ. పోనీ ‘మిస్టరీ గర్ల్’లోనే ‘షీజ్ ఎ మిస్టరీ టు మీ’ వినండి వినైల్ గారూ. అది లిన్ చేయలేదు. యూటూ బ్యాండ్ వాళ్ళ బోనో, ఎడ్జ్ రాసి ఇచ్చిన పాట. బోనోనే ప్రొడ్యూస్ చేశాడు. మీ పాత ఆర్బిసన్ అందులో ఉన్నాడు.

వినైల్_పిచ్చి
దానికి నా దగ్గర ఫిర్యాదు లేదు. ఆ ఆల్బమ్‌లో సింగిల్‌గా మొదట అదే రావాల్సింది.

పాత_కాసెట్
వచ్చి ఉంటే 9 దాకా వెళ్ళేది కాదు, మీరు “చూశారా, జనానికి చెవుల్లేవు” అని ఇంకో త్రెడ్ పెట్టేవారు.

నాష్‌విల్ల్_నాగలక్ష్మి
ఇంకో సంగతి, ఎక్కడా ఎక్కువగా కనపడదు. ఆయన రెండో భార్య బార్బరా, ఆయన పోయాక పాటల హక్కులన్నీ చూసుకున్నావిడ, 2011లో పోయింది. తారీఖు డిసెంబర్ 6. లాస్ ఏంజెలెస్‌లో ఆయన పక్కనే సమాధి చేశారు. ఆయన సమాధి మీద ఇప్పటికీ పేరు రాసిన ఫలకం లేదు.

గోదారి_గట్టు
అంత పేరున్న మనిషికి ఫలకం లేదా? ఎందుకని?

నాష్‌విల్ల్_నాగలక్ష్మి
ఇంట్లోవాళ్ళ ఇష్టం. రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపాది కూడా అదే శ్మశానంలో, అదీ ఫలకం లేనిదే.

ఊరికే_వచ్చా
సరే, ఇంత చదివాక వినాలనిపిస్తోంది. ఏ వరసలో వినాలి? సింపుల్‌గా చెప్పండి, మళ్ళీ కొట్టుకోకండి.

వినైల్_పిచ్చి
‘ఓన్లీ ది లోన్లీ’, ‘రన్నింగ్ స్కేర్డ్’, ‘క్రయింగ్’, ‘ఇన్ డ్రీమ్స్’. ఈ వరసలోనే. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని.

సుమన_కె
నేనైతే బ్లాక్ అండ్ వైట్ నైట్ కచేరీ వీడియో ముందు చూడమంటా. స్ప్రింగ్‌స్టీన్, టామ్ వెయిట్స్, ఎల్విస్ కాస్టెల్లో, బానీ రైట్, కె.డి. లాంగ్ అందరూ వెనక నిలబడి సాయం వాయిస్తుంటారు. స్ప్రింగ్‌స్టీన్ మొహం చూడు, పెద్ద స్టార్ అని మర్చిపోయి పక్కింటి పిల్లాడిలా ఉంటాడు. బ్యాండ్‌లో సగంమంది ఎల్విస్ ప్రెస్లీ మనుషులు.

వినైల్_పిచ్చి
ముందు స్టూడియో రికార్డులు, తర్వాత కచేరీ.

సుమన_కె
కొట్టుకోవద్దన్నాడు కదా పాపం.

బేస్_భాస్కర్
ఈ త్రెడ్ చదివి మా సెట్‌లో ‘రన్నింగ్ స్కేర్డ్’ కూడా పెడదామని మావాడితో అన్నా. సింగర్ ఒకటే టెన్షన్, చివరి స్వరం అందదంటున్నాడు. ఫాల్సెట్టోలో, అదే సన్నటి పై గొంతులో, తీస్తే తప్పా?

పాత_కాసెట్
ఆర్బిసన్ కూడా స్టూడియోలో మొదట ఫాల్సెట్టోలోనే తీశాడు. ఆర్కెస్ట్రాలో వినపడట్లేదని ప్రొడ్యూసర్ ఫ్రెడ్ ఫాస్టర్ అంటే, తర్వాతి టేక్‌లో నిండు గొంతుతో కొట్టాడు. వాయించేవాళ్ళే నిర్ఘాంతపోయారంటారు.

బేస్_భాస్కర్
మావాడికి ఇది చెబితే పాడటమే మానేస్తాడు.

స్ట్రాట్_సుధీర్
రెండు అర స్వరాలు దించి జిలో ఎత్తుకోండి. పబ్బులో ఎవరూ ట్యూనర్ పట్టుకుని కూర్చోరు, మృదంగం మూర్తి గారు రాకుండా చూసుకోండి చాలు.

మృదంగం_మూర్తి
ఏ రోజు, ఏ పబ్బు?